ఒక్క ప్రశ్న పందెం

మయూర్ విహార్ తెలుగువాళ్ల ఫోను గ్రూపులో పోయిన మంగళవారం ఆవిడ మరణవార్త వచ్చింది. ‘సౌమ్యురాలు, భక్తురాలు, మితభాషి’ అని మూడు విశేషణాలు. వాటి కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మూడో విశేషణంతో నాకు పేచీ లేదు. మొదటి రెండింటికీ ఆధారాలు చూపించమని అడగాలనిపించింది. గుడికి తాను పులిహోర కోసమే వెళ్తానని ఆవిడ స్వయంగా నాతో చెప్పారు. సౌమ్యత సంగతి నా కుడిచేతి వేళ్లకు తెలుసు. తొందరపడి పేకముక్క తిప్పినప్పుడల్లా మడతపెట్టిన పేపరుతో వాటి మీద ఒక్కటి వేసేవారు.

ఆ గ్రూపులో ఎవరూ అనని మాట ఒకటుంది. ఆవిడ పోకర్ ఆడేవారు, అదీ చాలా బాగా. రెండేళ్ల కిందటి చలికాలంలో, ఒక కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అని నేను కొట్టుమిట్టాడుతున్న రోజుల్లో, నాకు ఆ ఆట నేర్పింది ఆవిడే.

అప్పటికి నేను ఢిల్లీ వచ్చి ఏడాది కాలేదు. వరంగల్‌లో చదివిన మూడేళ్లూ కాలేజీ వాద పోటీల్లోనే గడిపాను. ఏ విషయానికైనా రెండు పక్షాలుంటాయనీ, రెండింటి వాదనలనూ బల్ల మీద పరిస్తే నిజం దానంతట అదే తేలుతుందనీ నా నమ్మకం. నోయిడాలో ఒక చిన్న కన్సల్టెన్సీలో ఉద్యోగం. మయూర్ విహార్‌లో సర్కారు కట్టిన పాత ఫ్లాట్ల మధ్య అద్దెగది. ఆదివారం పదకొండింటికి పొగమంచు విడిపోయి కాస్త ఎండ పడగానే, చుట్టుపక్కల పెద్దవాళ్లంతా కుర్చీలు మోసుకుని పార్కులోకి వచ్చేవారు. నేనూ కాలేజీ స్నేహితులతో ఫోనులో మాట్లాడుకోవడానికి అక్కడికే వెళ్లేదాన్ని. మాట్లాడుకోవడం అన్నది మర్యాదకు వాడిన మాట, వాదించుకోవడం అనాలి.

ఒకరోజు ఫోను పెట్టేశాక వెనకనుంచి తెలుగు వినిపించింది.

“గెలిచావా?”

తిరిగి చూశాను. సిమెంటు బల్ల మీద శాలువా పరిచి, ఒక్కరే కూర్చుని ముక్కలు కలుపుతున్నారు. డెబ్బై ఏళ్లుంటాయి. చీర మీద మగవాళ్లు వేసుకునే, చేతుల్లేని స్వెటరు, కాళ్లకు మేజోళ్లు, ఆపైన తెల్లటి స్పోర్ట్స్ బూట్లు. ముక్కలు కలిపే తీరు మాత్రం ఆ వేషంతో ఏమాత్రం పొసగలేదు. పేకను రెండుగా విడదీసి, బొటనవేళ్లతో వంచి వదిలితే, ముక్కలు ఒకదానిలోకి ఒకటి జలజలమని దూరిపోతున్నాయి.

“పేకాట వచ్చా?” అన్నారు.

“రమ్మీ వచ్చు ఆంటీ. కానీ నేను జూదం ఆడను.”

“అచ్ఛా! ఆడమని ఎవరన్నారు? వచ్చా అనడిగాను. కూర్చో వకీలమ్మా.”

నేను వకీలుని కానని చెప్పినా లాభం లేకపోయింది. చివరి రోజు దాకా నా పేరు అదే.

ఆవిడది బాపట్ల దగ్గర. నలభై ఏళ్లు ఇక్కడే ఒక సర్కారు కార్యాలయంలో స్టెనోగా చేశారు. చలికాలం మధ్యాహ్నం భోజనాల వేళ కార్యాలయాల ముందు పచ్చిక మీద ఆడవాళ్లు ఒక పక్క స్వెటర్లు అల్లుకుంటూ, మగవాళ్లు ఇంకో పక్క పేకాడుకుంటూ ఎండ కాచుకునేవారట. “నాకు అల్లడం పట్టుబడలేదు. నాలుగు వరసలకే ముడిపడిపోయేది. అందుకని అటు వెళ్లి కూర్చున్నాను,” అన్నారు. తన జీవితంలోని ఒక తిరుగుబాటుకు ఆవిడ ఇచ్చుకున్న సంజాయిషీ అంతే. ఆ గుంపులో ఒక మద్రాసు సెక్షన్ ఆఫీసరు ఆవిడకు పోకర్ నేర్పాడట.

ఆట నియమాలు పది నిమిషాల్లో చెప్పేశారు. ఒక్కొక్కరికీ రెండు ముక్కలు, ఎవరివి వాళ్లే చూసుకోవాలి. మధ్యలో ఐదు ముక్కలు అందరికీ కనిపించేలా తెరుస్తారు. ముందు మూడు, తర్వాత ఒకటి, చివరికి ఇంకొకటి. చేతిలోవీ బల్ల మీదవీ కలిపి ఏడింటిలో మేలైన ఐదు ఎవరివైతే వాళ్లది గెలుపు. ప్రతి మెట్టు దగ్గరా పందెం పెంచవచ్చు, సరితూగినంత పెట్టి ఉండవచ్చు, లేదా ముక్కలు బోర్లా పడేసి తప్పుకోవచ్చు. జత, రెండు జతలు, ఒకేలాంటివి మూడు, ఐదింటి వరస, ఐదూ ఒకే గుర్తు... ఏది దేనికంటే పెద్దదో ఎక్కాలు అప్పచెప్పినట్టు నాచేత చెప్పించారు.

“మరి జోకరేది?” అనడిగాను.

ఆవిడ నవ్వు అప్పుడే మొదటిసారి చూశాను. “ఎవరొచ్చినా ఇదే ప్రశ్న. తెలుగువాళ్లకి జోకరు లేకపోతే ఊపిరాడదు. లేదమ్మా. ముక్క తీయడం లేదు, కొట్టేయడం లేదు. వచ్చిన రెండింటితోనే బతకాలి.”

రమ్మీ అలవాటు నన్ను ఇంకో విధంగా కూడా పట్టించింది. మూడు వారాలు వరసగా నా చేతిలో జత పడినప్పుడల్లా ఆవిడ ముందే తప్పుకునేవారు. ఎలా తెలుస్తోందో అంతుపట్టలేదు. నాలుగో వారం జాలిపడి చెప్పారు. “రెండు ముక్కలకి సర్దుడేంటే తల్లీ! పెద్దదాన్ని ఎడమపక్కకి జరుపుతావు. రమ్మీలో పదమూడు ముక్కలు సర్దిన చెయ్యి కదా, ఊరుకోదు. నువ్వు సర్దకుండా కదలకుండా కూర్చున్నావంటే నీకు జత వచ్చినట్టే.”

నా చేతిని నేనే కొత్తగా చూసుకున్నాను. అది ఇన్నాళ్లూ నా అనుమతి లేకుండా సాక్ష్యం చెబుతోంది.

పందెం వేరుశనక్కాయలు. తోపుడుబండి మీద ఇసుకలో వేయించినవి, ఒక్కొక్కరికీ ముప్పై. ఆట పూర్తయ్యేదాకా తినకూడదన్నది నియమం. మూడో ఆటగాడు ఆవిడ కింది ఫ్లాటులో ఉండే బెంగాలీ పెద్దాయన. ఆయన్ని అందరూ దాదా అనేవారు. దాదా ఆ నియమాన్ని బొత్తిగా పాటించేవాడు కాదు. పైగా ఏ పందేనికీ తప్పుకునేవాడు కాదు. “దేఖ్ లేతే హై, దీదీ,” చూసేద్దామని హిందీలో అంటూ ప్రతిసారీ ముందుకు నెట్టేసి, ఓడి, మిగిలినవి తినేసేవాడు.

“చూశావా,” అన్నారావిడ ఒకరోజు నాతో. “శనక్కాయకి ఎవడు భయపడతాడు? భయం లేనిచోట పోకర్ ఉండదు. నీకేదైనా పోవాలి.”

“డబ్బు పెట్టను ఆంటీ. అది నా సిద్ధాంతం.”

“నీ సిద్ధాంతం నీ దగ్గరే ఉంచుకో. డబ్బు ఎవరిక్కావాలి? నీకు దేని మీద ఆశ? ప్రశ్నల మీద. సరే, శనక్కాయలన్నీ పోగొట్టుకున్నవాళ్లు గెలిచినవాళ్ల ప్రశ్న ఒకదానికి జవాబు చెప్పాలి. ఒక్కటే. నిజం చెప్పాలి.”

ఆ నియమం నా కోసమే పుట్టింది. దాదా తనకు ప్రశ్నలేమీ లేవని చెప్పి, శనక్కాయలకే ఆడాడు.

మేం ఎక్కువగా గొడవపడింది రెండు విషయాల మీద. మొదటిది, నేను తప్పుకున్నప్పుడు ముక్కలు తిప్పి చూపించడం. తొమ్మిది, నాలుగు వచ్చాయి కాబట్టి తప్పుకున్నాను, చూడండి, సరైన నిర్ణయమే కదా! పేపరు దెబ్బ పడేది. “డ్రాప్ అయినవాళ్లు ముక్కలు చూపించకూడదు. ఎవరూ అడగలేదుగా?” కారణం చెప్పని నిర్ణయానికి విలువేముందని నేను. కారణం నీకు తెలిస్తే చాలదా అని ఆవిడ. రెండోది, చేతిలో ఏమీ లేకుండా పందెం పెంచడం. అది అబద్ధమేనని నా వాదన.

“నేను నోరు తెరిచానా?”

“తెరవలేదు. కానీ మీ దగ్గర పెద్ద ముక్కలున్నాయని నేను అనుకునేలా చేశారు.”

“చేశాను. నమ్మమని ఎవరన్నారు? అనుమానం ఉంటే శనక్కాయలు పెట్టి చూడొచ్చుగా. చూసే హక్కు నీకుంది. ఊరికే చూసే హక్కు లేదు.”

ఆ మాటకు జవాబు వెతుకుతూ వారం రోజులు మెట్రోలో తిరిగాను.

డిసెంబరు నెలాఖరులో ఒక ఆదివారం నా శనక్కాయలన్నీ ఆవిడ ముందుకు చేరాయి. అంతకుముందు ఓడినప్పుడు చిన్న ప్రశ్నలే అడిగేవారు. నాకు నిజంగా వంట వచ్చా, ఫోనులో ఎవరి మీద అరుస్తుంటాను వంటివి. ఆరోజు మాత్రం, “ఆఫీసు ఫోనొస్తే ముఖం అలా పెడతావేం? ఏం జరిగిందక్కడ?” అన్నారు.

చెప్పాను. పల్లెల్లో ఇంటింటికీ వేసిన కుళాయిల్లో నీళ్లు వస్తున్నాయా లేదా అని పరిశీలించి నివేదిక ఇచ్చే పని మాది. నన్ను పంపింది కొన్ని ఊళ్లకే. నివేదికలో మేం అడుగు పెట్టని ఊళ్ల పేర్లు కూడా ఉన్నాయి. వాటి ఎదురుగా ‘నీరు అందుతోంది’ అని ఉంది. క్షేత్ర పరిశీలన చేసినవారు అన్నచోట నా పేరు. తుది నివేదిక ఫిబ్రవరిలో వెళ్తుంది, సంతకం పెట్టమంటున్నారు. “సైన్ కర్ దో యార్, ఫార్మాలిటీ హై,” అని మా టీమ్ లీడర్ రోజూ నవ్వుతూ అడుగుతున్నాడు.

“ఇంతకుముందు ఏదైనా పెట్టావా?”

అది రెండో ప్రశ్న. అయినా చెప్పాను. మధ్యంతర నివేదిక మీద పెట్టాను. అప్పుడు పేర్లన్నీ చదవలేదు. చదవలేదన్నది కూడా పూర్తి నిజం కాదు. ఒక పేజీ చూసి, మిగతావి తిప్పేశాను.

ఆవిడ ముక్కలు కలిపారు. నలభై ఏళ్లు అధికారుల మాటలు రాసుకుని టైపు చేసిన మనిషి. ఎన్ని అబద్ధాలు ఆ వేళ్ల కిందనుంచి పోయి ఉంటాయి? ఆ రోజునుంచి నేను గెలవాలనుకున్నది ఒకే ఒక్క ప్రశ్న కోసం. ఆవిడ జవాబు తెలిస్తే నా సంతకం సంగతి తేల్చుకోగలనని ఎందుకనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. అలాగే అనుకున్నాను.

జనవరి చివర్లో ఒకరోజు దాదా భోజనానికి లేచి వెళ్లాక, నేనూ ఆవిడా మిగిలాం. నా చేతిలో తొమ్మిది, ఎనిమిది. బల్ల మీద తెరిచిన ఐదింటిలో ఒక తొమ్మిది, ఒక ఎనిమిది. అంటే నాకు రెండు జతలు. కానీ ఆ ఐదింటిలో మూడు ఆఠీన్లున్నాయి. ఆవిడ చేతిలో ఇంకో రెండు ఆఠీన్లుంటే ఐదూ ఒకే గుర్తు అవుతాయి, నా జతలు దేనికీ పనికిరావు. చివరి ముక్క తెరిచాక ఆవిడ తన ముందున్న కాయలన్నీ మోచేత్తో ముందుకు నెట్టారు.

చేతులు ఒళ్లో పెట్టుకున్నాను, ముక్కలు సర్దకుండా. మూడో ఆఠీను నాలుగో ముక్కగానే వచ్చింది. అప్పుడు ఆవిడ ఒక్క కాయ కూడా పెంచలేదు. పేక కలిసొస్తే ఆవిడ అక్కడికక్కడే పెంచడం అంతకుముందు చాలాసార్లు చూశాను. ఇదీ నా వాదన. ఎదుటి పక్షం వాదన ఏమిటంటే, ఆవిడకు నా వాదన ముందే తెలుసు. భయం వేసింది. వేరుశనక్కాయల కోసం!

అన్నీ నెట్టేశాను. “చూపించండి.”

ఇస్పేటు రాజు, కళావరు ఐదు. ఏమీ లేదు.

“అరే వా, వకీలమ్మా!” అన్నారు. ముఖంలో సంతోషమే కనిపించింది. నన్ను కావాలనే గెలిపించారా అన్న అనుమానం ఆ క్షణంలో రాలేదు. తర్వాత వచ్చింది, ఇంకా వదల్లేదు.

“అబద్ధమని తెలిసీ ఎప్పుడైనా టైపు చేశారా ఆంటీ?”

ఆవిడ ఒక కాయ తీసుకుని ఒలిచారు. తినలేదు.

“టైపు చేయడం పెద్ద సంగతి కాదు. చెప్పిందల్లా చేశాను. ఒకసారి మా ఆఫీసరు, ఒక ఫైలు పంపేయమని గుమాస్తాతో అనమని నాకు నోటితో చెప్పాడు. షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నాను, తేదీతో సహా. తర్వాత అది వికటించింది. నేను చెప్పలేదు, ఆ గుమాస్తా తనంతట తానే పంపాడు అన్నాడు ఆఫీసరు. గుమాస్తాని సస్పెండ్ చేశారు. విచారణలో నన్ను పిలిచి అడిగారు. గుర్తు లేదన్నాను.” ఒలిచిన గింజలు నా వైపు జరిపారు. “నోటుబుక్కు నా సంచీలోనే ఉంది. టిఫిన్ డబ్బా పక్కన.”

“ఎందుకలా చేశారు?”

ఆవిడ నా వైపు చూశారు. “కారణాలు కూడా కావాలా? నువ్వు గెలిచింది ఒక్క ప్రశ్న.”

“ఆ నోటుబుక్కు?”

“వకీలమ్మా, ఒక్కటి.”

ఆ గుమాస్తా ఏమయ్యాడో ఈనాటికీ నాకు తెలియదు. ఆవిడకు తెలుసని మాత్రం అనిపించింది.

నేను తుది నివేదిక మీద సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో రెండు పేజీల లేఖ రాసి, దాన్ని చింపేసి, రెండు వాక్యాల రాజీనామా ఇచ్చాను. ఆ తర్వాతి ఆదివారం పార్కుకు వెళ్తుంటే నా నడకలో పొగరుంది, ఒప్పుకుంటాను. పోటీలో బహుమతి ప్రకటించేముందు వేదిక కింద నిలబడ్డప్పుడు ఉండే పొగరు అది.

దాదా కాయలు ఏరుకుంటున్నాడు. తెలుగు రాదు కాబట్టి అతని ముందే చెప్పేశాను. “సంతకం పెట్టలేదు ఆంటీ. ఉద్యోగం మానేశాను.”

“మరి రిపోర్టు?”

“వెళ్లిపోయింది. ఇంకొకరు పెట్టారు.”

“ఆ ఊళ్ల పేర్లు తీసేశారా?”

“లేదు.”

“అచ్ఛా. అంటే డ్రాప్ అయ్యావు.”

నాకు ఒళ్లు మండింది. “డ్రాప్ కాదు. నిరాకరించాను. రెండింటికీ తేడా ఉంది.”

“ఉంటే ఉందిలే. నీళ్లు రాని కుళాయికి తెలుసా ఆ తేడా? ఆ పని చేయించినవాళ్లకి రిపోర్టు తప్పని చెప్పావా?”

“అది నా పని కాదు.”

“కాదా?”

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయడం నాకు కష్టంగా ఉంది. రాయకపోతే ఈ చిత్రం ఆవిడది కాదు, నాకు అనుకూలంగా దిద్దుకున్నది అవుతుంది. “నోటుబుక్కు సంచీలో పెట్టుకుని గుర్తు లేదన్న మీరా నాకు చెప్పేది?” అన్నాను. గొంతు తగ్గించలేదు. పక్క బల్ల దగ్గర స్వెటరు అల్లుకుంటున్న ఒకామె తలెత్తి చూసింది. దాదా నమలడం ఆపేశాడు.

ఆవిడ ముఖం మారలేదు. అన్ని వారాలుగా ఆ ముఖాన్ని చదవడం నేర్చుకుంటూ కూడా అందులో నాకేమీ కనిపించలేదు.

“అవును, నేనే,” అన్నారు. “నేను కాకపోతే ఇంకెవరు చెప్తారు నీకు?” తర్వాత పేక నా వైపు జరిపి, “కూర్చో. కట్ చెయ్యి, పంచుతాను,” అన్నారు.

కూర్చోలేదు. మెట్రో మెట్లెక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మరుసటి నెల గుర్గావ్‌లో ఇంకో ఉద్యోగం దొరికింది, ద్వారకకు మారిపోయాను. మయూర్ విహార్ గ్రూపులోంచి మాత్రం బయటికి రాలేదు. సంక్షేమ సంఘం మీటింగులూ నీళ్ల ట్యాంకర్ల సమయాలూ వచ్చిపడుతుంటే చూస్తూనే ఉన్నాను. ఆవిడ నంబరు కూడా అందులోనే ఉంది. రెండు చలికాలాలు గడిచాయి. ప్రతి ఆదివారం పదకొండింటికి అక్కడ ఆట మొదలై ఉంటుందని తెలుసు. మెట్రో మారాల్సిన పని కూడా లేదు, ఒకే లైను. వెళ్లలేదు. క్షమాపణ చెప్పడానికి ముందు ఎవరిది తప్పో తేలాలని నాలో నేనే వాదిస్తూ ఉండిపోయాను. ఆవిడ అన్నదాంట్లో తర్కదోషం ఎక్కడుందో కనిపెడితే వెళ్దామనుకున్నాను. ఆఫీసులో, బస్సులో, అన్నం తింటూ వెతికాను. దోషం ఆవిడ జీవితంలో ఉంది. మాటలో లేదు.

మంగళవారం ఆ వార్త చదివాక, నేనూ చేతులు జోడించిన బొమ్మ పెట్టబోయి ఆగిపోయాను. పాత లాప్‌టాప్‌లో మధ్యంతర నివేదిక ప్రతి ఉంది. ఈసారి పేజీలు తిప్పేయకుండా, నేను వెళ్లిన ఊళ్లను ఒక పక్కా వెళ్లనివాటిని ఒక పక్కా విడదీశాను. వెళ్లనివే ఎక్కువ.

ఆ పనికి నిధులిచ్చిన సంస్థకు ఉత్తరం రాశాను. ‘మధ్యంతర నివేదిక మీద ఉన్న సంతకం నాది. కింద పేర్కొన్న గ్రామాలకు నేను వెళ్లలేదు. నాకు తెలిసినంతవరకు మా జట్టులో ఎవరూ వెళ్లలేదు. ఈ మాట రెండేళ్ల కిందటే చెప్పి ఉండాల్సింది.’ దాని కింద ఊళ్ల పేర్లు, నా పూర్తి పేరు, చిరునామా, ఇప్పుడు పనిచేసే చోటు. ఇప్పటి ఉద్యోగానికి దీనివల్ల ఏమవుతుందో ఊహించగలను. బుధవారం పొద్దున పంపాను.

ఇది రాస్తున్న సమయానికి జవాబు రాలేదు. రాకపోవచ్చు. జాబితాలో మొదటి ఊరికి ఆనంద్ విహార్ బస్టాండు నుంచి శనివారం ఉదయం ఆరింటికి బస్సుంది. టికెట్టు తీసుకున్నాను. అక్కడ ఎవరింటి ముందైనా ఆగి, వాళ్ల అనుమతి అడిగి, కుళాయి తిప్పి చూస్తాను.